పఠన బోధన సదస్సుకు వెళ్లే ప్రాథమిక టీచర్లకు: ఏం పట్టుకెళ్లాలి, ఏం తెచ్చుకోవాలి

రెండు రోజుల సదస్సు విని బడికి తిరిగొచ్చాక తరగతిలో నిలబడేది మహా అయితే ఒకటి రెండు మార్పులు. అవేమిటో బయలుదేరకముందే సగం తేల్చుకోవాలి. తేల్చేది మీ పిల్లలు చదివే తీరే కాబట్టి, ఓడీ (ఆన్ డ్యూటీ) అనుమతి కాగితం కన్నా ముందు వాళ్ల చేత చదివించి చూడండి.

వెళ్లే ముందు

ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క నిమిషం పైకి చదివించండి. ప్రశ్నలతో కలిపి మనిషికి నాలుగు నిమిషాలు. 20 మంది ఉంటే రెండు పీరియడ్లు సరిపోతాయి. డెబ్బై ఎనభై పదాల పేరా చాలు. అది వాచకంలోది మాత్రం కాకూడదు. వాచకం పాఠాలు చాలామందికి కంఠతా వచ్చేసి ఉంటాయి. వేలు ఒక పదం మీద, నోరు ఇంకో పదం మీద నడుస్తుంటుంది, మనం మాత్రం చదువుతున్నాడనే అనుకుంటాం. బడి గ్రంథాలయంలోని చిన్న కథల పుస్తకం నుంచి తీసుకోండి.

మీ దగ్గర ఇంకో ప్రతి పెట్టుకుని, తప్పు చదివిన పదం మీద గీత గీయండి, వదిలేసిన పదానికి సున్నా చుట్టండి. తడబడి తనే సరిదిద్దుకుంటే అది తప్పు కిందికి రాదు. ఒక పదం దగ్గర మూడు సెకన్లు ఆగిపోతే మీరే చెప్పి, తప్పుగా లెక్కించి ముందుకు నడిపించండి. లేదంటే నిమిషమంతా అక్కడే కరిగిపోతుంది. ‘శనగలు’ను ఇంటి అలవాటుతో ‘సెనగలు’ అని చదివిన బిడ్డకు మార్కు తగ్గించకండి. ఆ పదాన్ని గుర్తుపట్టింది కదా.

తర్వాత అదే స్థాయిలో ఇంకో చిన్న కథ మీరు చదివి వినిపించి, నాలుగు ప్రశ్నలు అడగండి. చాలామంది వదిలేసే ముక్క ఇదే, నిజానికి ఎక్కువ చెప్పేదీ ఇదే. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, చదివి అర్థం చేసుకోవడమనేది రెండు శక్తుల లబ్ధం: రాతను మాటగా పలకగలగడం, విన్న మాట అర్థం కావడం. లబ్ధం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. విన్న కథకు చక్కగా జవాబులు చెప్పి, చదవమంటే ఆగిపోయే బిడ్డకు అక్షరాల దగ్గర పని ఉంది. గడగడా చదివేసి, విన్న కథకు కూడా జవాబు చెప్పలేని బిడ్డకు మాటలు, కబుర్లు, కథలు కావాలి. ఇంట్లో గోండీ, లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే పిల్లల దగ్గర ఈ రెండో సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. మీ తరగతిలో ఏ గుంపు పెద్దదో తేలిందంటే ఏ సెషన్‌లో కూర్చోవాలో తేలినట్టే. ఈ లెక్కంతా పిల్లల పేర్లు లేకుండా ఒకే పేజీలో రాసి వెంట పెట్టుకోండి.

అనుమతి కోసం ఆహ్వానం, కార్యక్రమ పట్టిక జతచేసి హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) ద్వారా ఎంఈవోకు (మండల విద్యాధికారికి) పంపండి. ఏకోపాధ్యాయ బడి అయితే మీ స్థానంలో ఇంకొకరిని సర్దాలి, అందుకని కనీసం రెండు వారాల ముందే పంపడం మంచిది. తిరిగొచ్చేటప్పుడు హాజరు పత్రం మరిచిపోకండి.

హాల్లో

ఒకే సమయంలో మూడు నాలుగు సెషన్లు నడుస్తుంటే, పెద్ద పేరున్న వక్త కన్నా పిల్లల చేత చదివించి చూపించే సెషన్‌ను ఎంచుకోండి. వక్త మాటలు తర్వాత కూడా దొరుకుతాయి. బిడ్డ తప్పు చదివినప్పుడు టీచరు ఏమంటారు, ఎంతసేపు ఆగుతారు అన్నది కళ్లతో చూస్తేనే పట్టుబడుతుంది.

నోటుపుస్తకం పేజీని మూడు నిలువు వరుసలు చేయండి. ఏం చెప్పారు, దానికి ఆధారమేమిటి, నా తరగతిలో ఎలా చేస్తాను. తెర మీది ప్రతి స్లైడునూ ఫోటో తీస్తూ కూర్చుంటే ఆ మూడో వరుస ఖాళీగానే మిగిలిపోతుంది.

‘పరిశోధనలో రుజువైంది’ అన్న మాట వినగానే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ భాష, ఏ తరగతి పిల్లలు? ఈ పద్ధతి అందని పిల్లలతో పోల్చి చూశారా? పోల్చకపోతే, ఏడాది గడిస్తే ఎలాగూ వచ్చే ఎదుగుదల కూడా పద్ధతి ఖాతాలో పడిపోతుంది. పరీక్ష పెట్టింది నేర్పినవాళ్లేనా, వేరేవాళ్లా? శాతం చెబితే అసలు అంకె అడగండి. నిమిషానికి 5 పదాలు చదివే బిడ్డ 8 చదివితే అది 60 శాతం పెరుగుదలే, కానీ ఆ బిడ్డకు కథ ఇంకా అందనట్టే.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఫలితం ఏ ఏర్పాట్లతో వచ్చిందో అడగండి. తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతినే చూడండి. బీహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసినచోట మార్పు పెద్దగా రాలేదు. హర్యానాలో బడి వేళల్లోనే దానికోసం రోజూ ఒక గంట కేటాయించి, పర్యవేక్షణ కూడా పెట్టినప్పుడు పిల్లల హిందీ పఠనం మెరుగుపడింది. పద్ధతి ఒకటే, ఏర్పాట్లు వేరు. మీ టైంటేబుల్లో ఆ గంట దొరుకుతుందా అన్నది అక్కడే ఆలోచించుకోవాలి.

తెలుగుకు ఏది అతుకుతుంది

సదస్సుల్లో తరచు వినిపించే అయిదు అంశాలు, అంటే ధ్వనుల ఎరుక, అక్షర ధ్వని సంబంధం, ధారాళత, పదజాలం, అవగాహన, అమెరికాలో 2000లో వెలువడిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదికతో ప్రచారంలోకి వచ్చాయి. ఆ నివేదిక వెనకున్న అధ్యయనాలు ప్రధానంగా ఇంగ్లిష్ చదవడం నేర్చుకునే పిల్లలవి. అంశాలు మనకూ పనికొస్తాయి, కొలతలూ క్రమమూ మాత్రం ఉన్నవి ఉన్నట్టు దిగవు.

ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు, ఒకే అక్షరానికి పలు ధ్వనులు. తెలుగులో ఉచ్చారణ స్థిరంగా ఉంటుంది గానీ గుర్తులు వందల్లో ఉంటాయి. గుణింతాలకే నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు అదనం. కన్నడ పిల్లలపై పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాల మీద పట్టు సాధించడం నాలుగో తరగతి దాకా సాగుతుందని చూపింది. తెలుగు లిపి కట్టుబాటు కూడా అలాంటిదే. కాబట్టి ‘ఒకటో తరగతిలో అక్షరాలు అయిపోయాయి’ అనుకునే ప్రణాళికలన్నీ అనుమానించదగ్గవే.

వేదిక మీద ‘కొద్ది అక్షరాలు నేర్పి వెంటనే పదాలు చదివించండి’ అంటే, అది తెలుగులో ఇలా ఉంటుంది: త, ల, ప, క, న, వాటికి దీర్ఘం, గుడి. ఇంతతోనే తల, పలక, తాత, పాప, కాకి, పని, పిలక, నాలిక చదవచ్చు. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అన్నీ పూర్తయ్యాకే పదాలు అనే వరుసలో బిడ్డ ఏడాదంతా ఒక్క కథ కూడా చదవకుండానే గడిపేస్తుంది. ఒత్తుల సంగతి మరీ గమనించాలి. అమ్మ, అక్క, అన్న, అత్త అని మొదటి రోజు నుంచీ చూపిస్తాం, ఒత్తులు నేర్పేది మాత్రం చివర్లో. దాంతో ఆ పదాలను పిల్లలు బొమ్మల్లా గుర్తుపెట్టుకుంటారు. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు, వాటిని విడిగా నేర్పాలి. మొ, యొలలో ఒత్వం మిగతా అక్షరాల్లో లాగా కనిపించదు, అది కూడా అంతే.

వేగం అంకెలతో ఇంకా జాగ్రత్త. ఇంగ్లిష్‌కు అమెరికా పరిశోధకులు హాస్‌బ్రూక్, టిండాల్ ఇచ్చిన 2017 పట్టికలో రెండో తరగతి చివర నడిమి స్థాయి నిమిషానికి 100 పదాలు. మన కేంద్ర ప్రభుత్వ పఠన, గణిత కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం రెండో తరగతికి 45 నుంచి 60, మూడో తరగతికి కనీసం 60. ‘వెళ్లిపోయారంటున్నారు’ అనేది మనకు ఒక్క పదం, ఇంగ్లిష్‌లో దాన్నే నాలుగైదు పదాల్లో చెప్పాలి. అందుకే ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) 2022 అధ్యయనంలో భాషకో ప్రమాణం పెట్టారు. ఇంగ్లిష్ పట్టిక పక్కన మీ పిల్లల అంకె పెట్టి బాధపడకండి.

తిరిగొచ్చాక

రాత్రికే, బస్సులోనైనా సరే, మూడో వరుస చూసుకుని ఒక్కదాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు, మీ పిల్లల్లో ఎక్కువమంది అక్షరాలు గుర్తుపట్టి కూడా కూడబలుక్కుంటున్నారనుకోండి. అప్పుడు జంటలుగా చదివించడం మొదలుపెట్టవచ్చు. రోజూ 15 నిమిషాలు, నలభై పదాల పేరా. ముందు మీరు ఒకసారి చదవాలి, తర్వాత జంటలో ఒక్కొక్కరూ మూడుసార్లు. వారానికి రెండు పేరాలు చాలు. బాగా చదివే ఇద్దర్ని జంట కట్టకండి, మరీ వెనకబడిన బిడ్డను అందరికన్నా ముందున్న బిడ్డతోనూ కట్టకండి. మొదటి జంటకు పని ఉండదు, రెండో జంటలో ఒకరే చదివేస్తుంటారు.

ఆరు వారాలు వేరే ఏ కొత్త పద్ధతీ కలపకండి. నాలుగు కలిపితే దేనివల్ల మార్పు వచ్చిందో తెలియదు, మూడో వారానికి అన్నీ జారిపోతాయి కూడా. తర్వాత మళ్లీ ఒక నిమిషం పరీక్ష, అదే స్థాయి కొత్త పేరాతో. పాత పేరానే పెడితే కొలిచేది జ్ఞాపకాన్నే.

స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశంలో చెప్పమంటే స్లైడ్లు చూపించకండి. నలుగురు పిల్లల్ని తీసుకెళ్లి పావుగంట చేసి చూపించండి, ముందటి అంకె, తర్వాతి అంకె బోర్డు మీద రాయండి. పెరగని పిల్లల అంకెలు కూడా రాయాలి. ఎక్కడ ఆగిందో పక్క బడి టీచరుకు తెలిసేది వాటితోనే.