మొక్కజొన్న సాగు – 5వ పాఠం: కంకి విరుపు నుంచి కాటా దాకా తేమ లెక్క

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం: ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయి? వరుసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు వదిలితే ఒక్కో మొక్కకు 0.12 చదరపు మీటర్ల చోటు పడుతుంది. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. భాగిస్తే సుమారు 33,700 మొక్కలు. మీకూ ఇంతే వచ్చి ఉంటే సరే.

ఈ ధారావాహికలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే పాఠం ఇది. నాలుగు నెలలు కాపాడుకున్న పంటకు కాటా దగ్గర "తేమ ఎక్కువుంది" అన్న ఒక్క మాటతో ధర పడిపోతుంది. ఆ మాట నిజమా, నిజమైతే ఎంత తగ్గించడం న్యాయం? ఈ రెండూ రైతు తనంతట తాను తేల్చుకోగలగాలి.

కంకి ఎప్పుడు విరవాలో పైపొట్టు రంగు చూసి చెప్పడం నమ్మకమైన పద్ధతి కాదు. కంకి మధ్య నుంచి ఒక గింజ ఊడదీయండి. బెండుకు అంటుకుని ఉన్న మొన దగ్గర గోటితో గీరండి. నల్లటి పొర కనబడితే గింజ ముదిరినట్టే, ఇక బరువు పెరగదు. కానీ అప్పటికి తేమ ఇంకా 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. యాసంగి పంటను ఇంకొన్ని రోజులు చేలోనే ఎండనివ్వవచ్చు. వానాకాలం పంటకు ఆ వీలు తక్కువ, మబ్బులు చూసుకుని విరవాల్సిందే.

విరిచిన వెంటనే గింజ ఒలిచే మిషన్‌కు వేయకండి. పచ్చి గింజ మిషన్‌లో పగులుతుంది, పగిలిన గింజకు బూజు తొందరగా పడుతుంది. కంకులను ముందు ఆరనిచ్చి, తర్వాత గింజ ఒలిపించండి. గింజలను టార్పాలిన్ మీద రెండు మూడు అంగుళాల మందం మించకుండా పరిచి, రోజుకు నాలుగైదు సార్లు తిరగేయండి. సాయంత్రం కుప్ప చేసి కప్పాలి. లేకపోతే పగలంతా ఆరింది రాత్రి మంచుకు మళ్లీ తడుస్తుంది. దయచేసి రోడ్డు మీద మాత్రం పోయకండి. చీకట్లో ఆ కుప్పలకు తగిలి బైకుల మీద వెళ్లేవాళ్లు పడుతున్నారు.

అమ్మకానికి తేమ 14 శాతం మించకూడదు. నెలల తరబడి నిల్వ చేయాలంటే 12కు దించాలి. కొనేవాళ్ల పట్టుదలకు కారణం ఉంది. మన దేశంలో మొక్కజొన్నకు పెద్ద గిరాకీ కోళ్ల దాణా నుంచి వస్తుంది. దాణాలో సగానికి పైగా ఇదే ఉంటుంది. తడి గింజకు బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

తేమ కొలిచే మీటర్ లేకపోయినా ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. బాగా పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు గింజలు పోయండి. ఎండబెట్టిన మెత్తటి ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత పెట్టి, ఒక నిమిషం ఊపండి. పావుగంట కదపకుండా ఉంచండి. సీసా గోడకు ఉప్పు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు. అంటుకోకపోతే ఆ లోపు ఉన్నట్టు. గింజలను కుప్ప పైనుంచే కాకుండా అడుగు నుంచి కూడా తీయండి, తేమ దాక్కునేది అడుగునే.

ఇక డబ్బు లెక్క. మీ దగ్గర 20 శాతం తేమతో 100 క్వింటాళ్లు ఉన్నాయనుకోండి. 14కు ఆరితే ఎంత మిగులుతుంది? చాలామంది 94 అంటారు. అది తప్పు. 100 క్వింటాళ్లలో నీరు పోను అసలు గింజ 80. అది ఎండలో తగ్గదు. 14 శాతం తేమ ఉన్న సరుకులో అసలు గింజ 86 పాళ్లు. కాబట్టి 80ని 86తో భాగించి 100తో గుణించాలి. దాదాపు 93 క్వింటాళ్లు వస్తుంది.

2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. మీ మార్కెట్‌లో ధర వేరుగా ఉంటే ఆ అంకె వేసుకోండి, పద్ధతి మారదు. 93 క్వింటాళ్లకు 2,23,200 రూపాయలు. అంటే పచ్చి సరుకుకు న్యాయమైన ధర క్వింటాలుకు 2,232. ఎవరైనా 2,150కి అడిగితే 100 క్వింటాళ్ల మీద మీకు పోయేది 8,200. ఆరబెట్టడానికి కూలి, టార్పాలిన్ల కిరాయి కలిపి అంతకన్నా తక్కువ అయితే ఆరబెట్టి అమ్మండి. ఎక్కువైతే, లేదా వాన కమ్ముకొస్తుంటే, పచ్చిగా అమ్మడమే మేలు. అందులో తప్పేమీ లేదు, లెక్క తెలిసి అమ్ముతున్నారు కదా.

మీకు ఇంటి పని: 24 శాతం తేమతో 60 క్వింటాళ్లు ఉన్నాయి. 14కు ఆరితే ఎంత మిగులుతుంది? వ్యాపారి క్వింటాలుకు 2,050 ఇస్తానంటే, ఆరబెట్టే ఖర్చు మొత్తం ఎంత లోపు ఉంటే ఆగడం లాభం? జవాబు 6వ పాఠంలో, గోనె సంచుల్లో నిల్వ గురించి చెప్పేటప్పుడు చూద్దాం.