ఆల్ప్స్ మంచులోకి వెళ్లేముందు: తాడు కట్టి ఉంటే ఇటే ఆగిపోండి

ఏటా దసరా దాటగానే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "క్రిస్మస్ సెలవులకు మీ జ్యూరిక్ వస్తున్నాం, జాకెట్ ఎంత మందంది కొనాలి?" జాకెట్ సంగతి చెబుతాను కానీ నా టెన్షన్ దాని గురించి కాదు. ఒకసారి మా బాబాయి వాళ్లు వచ్చినప్పుడు, మంచుదారికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడి ఆయన అన్న మాట గురించి. "ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాం, పదడుగులు లోపలికెళ్లి ఒక ఫోటో దిగితే ఏమవుతుందిరా?"

ఏమవుతుందో ఈ దేశం చాలా నష్టపోయి తెలుసుకుంది. స్విట్జర్లాండ్‌కు సముద్రం లేదు. భూభాగంలో దాదాపు 60 శాతం ఆల్ప్స్ కొండలే. మనకు తుఫాను ఎలాగో వీళ్లకు మంచుచరియ (కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారి పడటం) అలాగ. గోట్‌హార్డ్ కనుమ కింద ఆండెర్మాట్ అనే ఊరుంది. ఊరి నెత్తిన కొండవాలులో ఒక చిన్న అడవి కనిపిస్తుంది. జారే మంచును ఆ చెట్లే ఆపుతాయని, వాటిని కొట్టకూడదని 1397లోనే కట్టడి రాసుకున్నారు. అడవి చాలని చోట దెబ్బలు తప్పలేదు. 1951 చలికాలంలో దేశం మొత్తం మీద దాదాపు వంద మంది మంచుచరియల కింద పోయారు. ఆ తర్వాతే ఊళ్ల పైనున్న వాలుల్లో వరసలు వరసలుగా ఇనుప అడ్డుకట్టలు వచ్చాయి. రైల్లోంచి చూసి చాలామంది అవేవో కంచెలనుకుంటారు. 1999 ఫిబ్రవరిలో మళ్లీ అంత మంచూ పడింది. ఈసారి 17 మంది చనిపోయారు. అందులో 12 మంది ఎవొలేన్ అనే ఒక్క చోటే. సకాలంలో జనాన్ని ఖాళీ చేయించలేదని ఆ ఊరి అధ్యక్షుడికీ, భద్రత చూసే అధికారికీ కోర్టు శిక్ష వేసింది. తాడు కట్టే మనిషి మీద ఆ బాధ్యత ఉంటుంది కాబట్టి అతన్ని బతిమాలి లాభం లేదు.

బోర్డు మీద భాష ఊరిని బట్టి మారుతుంది. జర్మన్ ఊళ్లలో ‘గెష్పెర్ట్’, ఫ్రెంచ్ ఊళ్లలో ‘ఫెర్మే’, ఇటాలియన్ ఊళ్లలో ‘కియూజో’. మూడింటికీ అర్థం మూసి ఉందనే. జర్మన్‌లో ‘లవీనెన్’ అన్న ముక్క కనిపిస్తే అది మంచుచరియల హెచ్చరిక. ఈ నాలుగు మాటలూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. మంచులో ఇతరుల అడుగుల జాడలున్నాయని మాత్రం ధైర్యం తెచ్చుకోకండి. వాళ్లు దాటాక కదలడానికి సిద్ధంగా ఉన్న మంచు మీ బరువు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. చరియల్లో చిక్కుకునేవారిలో పదికి తొమ్మిది మంది విషయంలో ఆ చరియను కదిలించింది వాళ్లో వాళ్ల పక్కవాళ్లో.

దావోస్‌లో మంచు, మంచుచరియల పరిశోధనకే ఒక సంస్థ ఉంది, ఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. చలికాలంలో రోజూ సాయంత్రం 5 గంటలకు, మళ్లీ పొద్దున 8కి ప్రమాద సూచన విడుదల చేస్తుంది. ‘వైట్ రిస్క్’ అనే వాళ్ల యాప్‌లో ఇంగ్లీషులోనూ చూడొచ్చు. 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. మనవాళ్లు తప్పు చదివేది ఇక్కడే. ఐదుకు మూడంటే అరవై శాతం, ఫస్ట్ క్లాస్ అన్నమాట, ఫర్వాలేదనుకుంటాం. నిజానికి చావుల్లో దాదాపు సగం 3 ఉన్న రోజుల్లోనే. నాలుగన్న రోజు అందరూ భయపడి ఆగిపోతారు, మూడన్న రోజు బయల్దేరతారు. పర్యాటకులుగా వచ్చిన మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: సూచన ఎంతున్నా గుర్తులు పాతిన దారి దాటొద్దు. చలికాలపు నడకదారులకు గులాబీ రంగు గుర్తులు ఉంటాయి. గుర్తులు పాతిన దారుల బయట స్కీయింగ్ చేయాలంటే సిగ్నల్ పంపే పరికరం, పొడవాటి గుచ్చుడు కర్ర, పార, ఇవి వాడటం వచ్చిన తోడు కావాలి. మంచు కింద పడ్డ మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ప్రాణం. హెలికాప్టర్ వచ్చేలోగా తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే.

సెయింట్ బెర్నార్డ్ కుక్కలు వచ్చి కాపాడతాయి కదా అని మా పిల్లలు అడుగుతారు. 2,469 మీటర్ల ఎత్తున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గరి మఠంలో బారీ అనే కుక్క నలభై మందికి పైగా కాపాడిందని ప్రతీతి. దాని చర్మంతో చేసిన బొమ్మ ఇప్పుడు బెర్న్ మ్యూజియంలో ఉంది. బొమ్మల్లో ఈ కుక్కల మెడలో కనిపించే బ్రాందీ పీపా మాత్రం కట్టుకథే. కట్టుకథ అనేకాదు, చలిలో మందు తాగితే ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది. ఈ మాట బాబాయిలకు విడిగా చెప్పాలి.

ఇక ఎత్తు. ఇంటర్‌లాకెన్ 570 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కు, అంటే 3,454 మీటర్లకు, రెండు గంటల లోపు చేరుస్తారు. 1912లో పూర్తయిన రైలు అది. ఆనాటి సొరంగం చూసి ఆశ్చర్యపోతూ మన ఊపిరి సంగతి మర్చిపోతాం. పైన గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ. మెట్లు పరిగెత్తి ఎక్కొద్దు, నీళ్లు తాగుతూ ఉండండి, తల తిరిగినా వాంతి వచ్చినా తర్వాతి రైలుకే దిగిపోండి. టికెట్ ఖరీదు గుర్తొచ్చి గంటసేపు ఓర్చుకోవద్దు. గుండెజబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఇండియాలోనే డాక్టర్ని అడిగి రావాలి. ఎండ కళ్లద్దాలు ఫ్యాషన్ కోసం కాదు, తాజా మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో 80 శాతం దాకా మొహం మీదికే కొడుతుంది.

జాకెట్ అడిగారు కదా: ఒకే లావు జాకెట్ కన్నా లోపల ఉన్ని థర్మల్స్, మధ్యలో ఒక స్వెటర్, పైన గాలీ తడీ ఆపేది. ఒంటికి తగిలేది కాటన్ వద్దు, చెమటకు తడిసి చల్లబడుతుంది. చీర మీద షూస్ అన్న మా పిన్ని పట్టుదల స్టేషన్ మెట్ల దగ్గరే జారి ముగిసింది.

దూరపు కొండలు నునుపంటాం. ఇక్కడ కొన్ని రోజులు దూరపు కొండలు దగ్గరికొచ్చినట్టు, చెయ్యి చాపితే అందేట్టు కనిపిస్తాయి. ఫోటోలకు పండగ. కానీ అది ఫోన్ గాలి వీస్తున్న గుర్తు (మన సెల్‌ఫోన్ కాదు, కొండ దాటి వెచ్చగా, పొడిగా దిగే గాలి పేరది). 1861 మేలో గ్లారుస్ పట్టణంలో రాజుకున్న నిప్పును ఈ గాలే ఊరంతా పాకించి సగానికి పైగా కాల్చేసింది. ఈ రోజుల్లో కేబుల్ కార్లు ఉన్నట్టుండి ఆపేస్తారు, మంచు మెత్తబడి జారుతుంది, కొందరికి తలనొప్పి. కొండపైకి వెళ్లే రోజు అది కాదు, లూసెర్న్‌లో వంతెన చూసుకుని కాఫీ తాగండి.

మంచు ఎక్కువ పడితే దారులు మూతపడతాయి. 2018 జనవరిలో జెర్మాట్‌కు రోడ్డూ రైలూ తెగి దాదాపు 13,000 మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. అందుకే తిరుగు విమానానికి ముందు రోజు కొండ ఊళ్లో పడుకోకండి. బీపీ, షుగరు మాత్రలు నాలుగైదు రోజులకు అదనంగా, సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. కారు అద్దెకు తీసుకుంటే చలికాలపు టైర్లున్నాయో లేదో అడగండి. ఫుర్కా, గ్రిమ్‌సెల్ కనుమలు చలికాలమంతా మూసే ఉంటాయి. ఫుర్కాకు బదులు కారును రైలెక్కించి సొరంగం దాటించే ఏర్పాటుంది.

ఏప్రిల్, మే సెలవులకు వచ్చేవాళ్లూ ఇది తమకు కాదనుకోవద్దు. మన ఎండాకాలం ఇక్కడి కొండమీద ఇంకా చలికాలపు చివర. రెండు వేల మీటర్ల పైన దారులు మంచు కిందే ఉంటాయి, కొన్ని కేబుల్ కార్లు ఏటా జరిగే మరమ్మతులకు ఆగుతాయి. 2025 మే 28న లోచెంటాల్ లోయలో హిమానీనదం విరిగి బ్లాటెన్ అనే ఊరిని దాదాపు పూర్తిగా కప్పేసింది. అయినా ఊళ్లోని మూడు వందల మంది బతికి బయటపడ్డారు. కొండ కదులుతోందని గమనించి తొమ్మిది రోజుల ముందే, పశువులతో సహా, అందరినీ ఖాళీ చేయించారు. చనిపోయింది ఖాళీ చేయించిన హద్దుకు బయట ఉన్న ఒకే ఒక్క మనిషి.

వీసాకు అడిగే 30,000 యూరోల ఇన్సూరెన్స్ కాగితం ఉంది కదా అని ఊరుకోకండి. కొండమీది రక్షణ, హెలికాప్టర్, స్కీయింగ్, స్లెడ్జ్ గాయాలు అందులో ఉన్నాయో లేదో వరసగా చదవండి, లేకపోతే బిల్లు మీదే. హెలికాప్టర్ రక్షణ సంస్థ రేగా నంబరు 1414. జెర్మాట్ ఉన్న ‘వాలే’ అనే ప్రాంతంలో 144. ఏదీ గుర్తు రాకపోతే 112. ఫోన్‌లో వేసుకుని, పిల్లలకు ఒక సైగ నేర్పండి: హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ పైకి చాపి ఇంగ్లీషు ‘వై’ లాగా నిలబడితే సాయం కావాలని. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే అక్కర్లేదని. సరదాగా రెండు చేతులూ ఊపి టాటా మాత్రం చెప్పనివ్వకండి, దిగిపోతారు.