పంపు తిరుగుతోంది, కంట్రోలర్ మాట మాత్రం వినడం లేదు

"పంపు పోయింది, కొత్తది వేయాలి" అంటూ నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నుంచి నా దగ్గరకు వచ్చే వాటర్ కూలింగ్ (నీళ్లు తిప్పి వేడి తీసే) కంప్యూటర్లలో చాలావాటికి పంపు నిక్షేపంగా ఉంటుంది. లోపమంతా తీగలు కలిపిన తీరులో ఉంటుంది. మంచి పంపును పక్కన పడేసి వేలకు వేలు ఖర్చు పెట్టడం చూస్తే బాధ కలుగుతుంది. ట్యూబులు బిగించడం, నీళ్లు నింపి గాలి తీయడం, పొడిగా పంపు తిప్పకూడదనే సంగతి మీకు తెలుసనుకుని నేరుగా విషయానికి వస్తున్నాను.

పంపు అసలు తిరగడం లేదు

డీ5 అనేది వాటర్ కూలింగ్‌లో వాడే ఒక రకం పంపు. దానిలో పీడబ్ల్యూఎం రకం, అంటే సంకేతంతో వేగం మార్చుకునేది అయితే, రెండు కేబుళ్లు బయటికి వస్తాయి. ఒకటి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి 12 వోల్టులు తీసుకునే సాటా లేదా మోలెక్స్ కేబుల్. రెండోది కంట్రోలర్‌కు, అంటే పంపు, ఫ్యాన్ల వేగాన్ని నడిపించే బోర్డుకు, వెళ్లే నాలుగు పిన్నుల కేబుల్. ఈ రెండో దానిలో పంపును తిప్పే కరెంటు ఉండదు, వేగం సంకేతాలు మాత్రమే ఉంటాయి. రెండోది పెట్టి మొదటిది మరిచిపోయినవాళ్లు, లేదా సగమే గుచ్చి వదిలేసినవాళ్లు ఎందరో. ముందు ఆ సాటా కనెక్టర్‌ను తీసి, మళ్లీ గట్టిగా గుచ్చండి. చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు, చేత్తో తీసి పెట్టండి.

"సాఫ్ట్‌వేర్‌లో కంట్రోలర్ కనిపిస్తోంది కదా, పవర్ ఉన్నట్టే కదా" అంటారు. కొన్ని కంట్రోలర్లు యూఎస్‌బీ కరెంటుతోనే మేల్కొని తెరమీద కనిపిస్తాయి. పోర్టులకు 12 వోల్టులు రావాలంటే వాటి సొంత పవర్ కేబుల్ కూడా ఉండాలి.

ఇంకొక మాట. డీ5 పంపు పూర్తి వేగంలో దాదాపు 2 ఆంపియర్లు లాగగలదు. మదర్‌బోర్డు ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ గుచ్చే పిన్నులు) సాధారణంగా 1 ఆంపియర్‌కే తట్టుకుంటుంది. మధ్యలో ఏదో కేబుల్ అతికించి ఫ్యాన్ హెడర్ నుంచి ఆ పంపును తిప్పించవద్దు.

పంపు తిరుగుతోంది, వేగం మారడం లేదు

అందరినీ ఎక్కువగా ముప్పుతిప్పలు పెట్టేది ఇదే. సాఫ్ట్‌వేర్‌లో 30 శాతం పెట్టినా 100 శాతం పెట్టినా పంపు చప్పుడు ఒకేలా ఉంటుంది. ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) సున్నా చూపిస్తుంది, లేదా క్షణానికొక పొంతన లేని అంకె చూపిస్తుంది. 4,800 దాటని పంపుకు 9,000 కనిపిస్తుంది. కంట్రోలర్ మారుస్తారు, అదే తీరు. పంపు మారుస్తారు, అదే తీరు.

ఇక్కడ నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: పంపుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

మన ఎండలకు చిన్న ఏసీ గదిలో రేడియేటర్ (నీటి వేడిని గాలిలోకి వదిలే భాగం) పెడితే గది వేడెక్కిపోతుంది. అందుకని పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు రేడియేటర్‌ను, పంపును ఒక డబ్బాలో అమర్చి వరండాలో పెట్టించుకుంటున్నారు. మంచి ఆలోచనే. కానీ అక్కడిదాకా పవర్ కేబుల్ లాగడం ఎందుకని సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల అడాప్టర్‌ను పంపుకు తగిలిస్తారు. గది లోపలి నుంచి నాలుగు పిన్నుల కేబుల్ ఒక్కటే పంపు దాకా వెళుతుంది.

ఆ కేబుల్‌ను ఒకసారి వెలుతురులో చూడండి. నాలుగు పిన్నుల చోటు ఉన్నా చాలా డీ5 పంపులలో తీగలు రెండే ఉంటాయి. మూడో పిన్నుకు ఆర్‌పీఎం తీగ, నాలుగో పిన్నుకు పీడబ్ల్యూఎం తీగ. మొదటి పిన్ను, అంటే గ్రౌండ్ (నెగెటివ్), ఖాళీ. పంపుకు, కంట్రోలర్‌కు ఒకే ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు వస్తుంది కాబట్టి గ్రౌండ్ ఎలాగూ కలుస్తుందని తయారీదారు అనుకున్నాడు. అడాప్టర్ పెట్టగానే ఆ లెక్క తప్పింది. వోల్టేజీ ఎప్పుడూ గ్రౌండ్‌తో పోల్చి కొలిచేదే. కంట్రోలర్ తన గ్రౌండ్ నుంచి కొలిచి సంకేతం పంపుతుంది, పంపు తన గ్రౌండ్ నుంచి కొలిచి చదువుతుంది. ఒకరు నేల మీద, ఇంకొకరు మేడ మీద నిలబడి ఒకే కర్ర ఎత్తు కొలిచినట్టు ఉంటుంది. సంకేతం అందని డీ5 పంపులు చాలావరకు మధ్యరకం వేగంతో తిరుగుతూ ఉండిపోతాయి. అందుకే పంపు "పనిచేస్తున్నట్టే" కనిపిస్తుంది.

దీనిలో ఇంకా మాయ ఉంది. ఇదే డబ్బా షాపులో చక్కగా పనిచేస్తుంది, ఇంటికి తీసుకెళితే మొరాయిస్తుంది. కొన్ని అడాప్టర్లకు మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది, వాటి నెగెటివ్ లోపల ఎర్త్ పిన్నుతో కలిసి ఉంటుంది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ నెగెటివ్ కూడా క్యాబినెట్ ద్వారా ఎర్త్‌తో కలిసే ఉంటుంది. షాపులో రెండూ ఎర్త్ ఉన్న బోర్డుకు పెడతారు, గ్రౌండ్లు గోడలోని తీగ ద్వారా కలుస్తాయి. ఇంట్లో ఎర్త్ తీగ లేని రెండు తీగల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడతారు, ఆ దారి తెగిపోతుంది. కావలిలో ఒక స్టూడియోకు ఈ కారణంగానే మంచి పంపు తీసి కొత్తది వేశారు. కొత్తది కూడా అలాగే మొండికేసింది.

పరీక్ష తేలిక. కంప్యూటర్, అడాప్టర్ ప్లగ్గులు రెండూ గోడ నుంచి తీసేయండి. తీయకపోతే ఎర్త్ దారిలో కలిసి మీటరు మిమ్మల్ని మోసం చేస్తుంది. మల్టీమీటరును బీప్ మీద పెట్టి, ఒక కొసను పంపు పవర్ కేబుల్‌లోని నల్ల (నెగెటివ్) తీగకు, రెండో కొసను కంట్రోలర్ పోర్టు మొదటి పిన్నుకు ఆనించండి. బీప్ రాలేదంటే దోషి దొరికినట్టే.

సరిచేయడానికి రెండు దారులు. నాకు నచ్చేది అడాప్టర్ తీసేయడం. ఇళ్ల వైరింగ్‌కు వాడే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలు రెండింటిని కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి వరండా దాకా లాగండి. మూడు మీటర్ల దూరానికి, 2 ఆంపియర్లకు, పడిపోయే వోల్టేజీ 0.2 చుట్టుపక్కలే. పంపుకు అది లెక్కలోది కాదు. అడాప్టర్ ఉండి తీరాలంటే దాని నెగెటివ్‌ను కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ నల్ల తీగతో గట్టి తీగతో కలపండి. నెగెటివ్‌ను మాత్రమే. రెండు 12 వోల్టుల పాజిటివ్‌లను ఎప్పుడూ కలపకూడదు.

సన్నటి సంకేతాల కేబుల్‌లోనే గ్రౌండ్ ఇచ్చి సరిపెట్టవద్దు. రేపు అడాప్టర్ నల్ల తీగ వదులైతే పంపు కరెంటంతా ఆ సన్నటి తీగ గుండా, కంట్రోలర్ బోర్డు గుండా వెనక్కి పోతుంది. బోర్డు మీది రాగి గీత కాలిపోతుంది.

అడాప్టర్ ఉంచుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కంప్యూటర్ యూపీఎస్ మీద, అడాప్టర్ మామూలు ప్లగ్‌లో ఉంటే, కరెంటు పోగానే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, పంపు ఆగిపోతుంది. రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి.

నీటి ఉష్ణోగ్రత సెన్సార్ తప్పు చూపిస్తోంది

ముందు అది నిజంగా తప్పేనా? గదిలో 36 డిగ్రీలు ఉంటే నీళ్లు 42 చూపించడం న్యాయమే. రేడియేటర్ గది గాలి కంటే చల్లగా నీటిని చేయలేదు. సెన్సార్ మీద 10 వేల ఓంలు అని ఉంది, మీటరులో 7 వేలే వస్తోంది, పాడైంది అని పారేస్తారు. ఆ 10 వేలు 25 డిగ్రీల దగ్గర లెక్క. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. 35 డిగ్రీల గదిలో ఆరున్నర వేలకు, ఏడు వేలకు మధ్య వస్తే సెన్సార్ బాగున్నట్టే. ఈ రెండు తీగల సెన్సార్లను ఎటు తిప్పి పెట్టినా ఒకటే. ఫ్యాన్ పోర్టులో మాత్రం పెట్టకండి.

ఫ్లో సెన్సార్ సున్నా చూపిస్తోంది

ఫ్లో సెన్సార్ అంటే నీటి ప్రవాహాన్ని కొలిచేది. నీళ్లు ఎటు పోవాలో చూపే బాణం గుర్తు చూడండి. సరైన పోర్టులో ఉందో చూడండి. లీటరుకు ఎన్ని పల్సులో సెన్సార్ కాగితంలో ఉన్న అంకెను సాఫ్ట్‌వేర్‌లో వేయండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే విప్పి చక్రం చూడండి. బోరు నీళ్లు పోసి ఉంటే సున్నం పట్టి బిగుసుకుని ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు, మినరల్ వాటర్ క్యాన్ కూడా వద్దు.

మిగిలినవి అరుదు. తీరం దగ్గరి ఊళ్లలో పిన్నులకు పచ్చగా చిలుము పడితే మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కంట్రోలర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్), పంపు లోపలి బోర్డు చెడిపోవడం వంటివి, పైన చెప్పినవన్నీ చూశాకే అనుమానించండి.