వ్యాన్‌లో తిరిగే సీటు: తిరగకపోతే, ఊగితే, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే

క్యాంపర్ వ్యాన్ (లోపలే తిని పడుకునేలా మార్చుకున్న వ్యాన్) కట్టుకునేవాళ్లు మొదట్లోనే కొనే సామాన్లలో స్వివెల్, అంటే ముందు సీటు కింద బిగించి దాన్ని వెనక్కి తిప్పుకునే ప్లేటు, ఒకటి. వ్యాన్‌లో కాలు చాపుకునే చోటే ఉండదు కదా, ముందు సీట్లు రెండూ వెనక్కి తిప్పుకుంటే విడిగా సోఫా కట్టకుండానే ఇద్దరు కూర్చుని భోజనం చేసే చోటు దొరుకుతుంది. అది పెద్ద యంత్రమేం కాదు. రెండు ఇనుప ప్లేట్లు, మధ్యలో బేరింగ్, సీటుని తిరగకుండా పట్టి ఉంచే ఒక లాచ్, దాన్ని విడిపించే పిడి, అంతే. కింది ప్లేటు సీటు స్టాండుకి, పై ప్లేటు సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలకి బోల్టులతో బిగుస్తుంది.

ఇంత చిన్న వస్తువు మీద ఫిర్యాదులు మాత్రం చాలా వస్తాయి. వాటిలో నిజంగా స్వివెల్‌దే తప్పు అనదగ్గవి తక్కువ. హ్యాండ్‌బ్రేక్, తలుపు, వైర్లు, బోల్టు పొడవు, సీటు స్టాండు వాలు, తప్పు ఎక్కువగా వీటి దగ్గరే ఉంటుంది. అందుకని డబ్బాలో పెట్టి వాపసు పంపే ముందు దాని పైన ఏముందో, కింద ఏముందో చూడండి. అమెరికాలో సొంతంగా వ్యాన్ కట్టుకునేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే రామ్ ప్రోమాస్టర్, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్‌లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ప్రోమాస్టర్ అంటే యూరప్‌లో ఫియట్ డుకాటో పేరుతో తిరిగే బండే, కాబట్టి లండన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్నవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

సమస్య: సీటు సగం తిరిగి ఆగిపోతోంది

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఇదే. ముందు ఎక్కడ తగులుతోందో చూడాలి. బలవంతంగా తోస్తే ప్లాస్టిక్ కవర్లు పగులుతాయి తప్ప సీటు తిరగదు.

వీపు భాగం తలుపు వెనక ఉన్న స్తంభానికి తగులుతుంటే సీటు మరీ వెనక్కి జరిగి ఉందని అర్థం. కూర్చునే భాగం ముందు అంచు డాష్‌బోర్డుకో స్టీరింగ్‌కో తగులుతుంటే మరీ ముందుకి ఉందని అర్థం. ఈ రెంటికీ మధ్య తిరగడానికి వీలైన చోటు ఒకటి ఉంటుంది, కొన్ని బళ్లలో అది రెండు వేళ్ల వెడల్పే. దాన్ని వెతికే పద్ధతి ఇది: తలుపు పూర్తిగా తెరవండి, చేతులు ఆనించే ఆర్మ్‌రెస్టులు పైకెత్తండి, వీపు భాగాన్ని నిటారుగా చేయండి, సీటు ఎత్తు మార్చుకునే వీలుంటే మార్చి చూడండి. ఆ తర్వాత సీటుని పట్టాల మీద కొంచెం కొంచెం జరుపుతూ మెల్లగా తిప్పండి. తిరిగిన చోట పట్టా మీద రంగు టేపు ముక్క అంటించేయండి. మరునాడు చీకట్లో, వానలో, ఆకలి మీద ఉన్నప్పుడు ఆ టేపు విలువ తెలుస్తుంది.

తలుపు మూసి తిప్పాలని చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని బళ్లలో కుదురుతుంది, చాలావాటిలో కుదరదు. తిరిగేటప్పుడు సీటు మూల ఒకటి తలుపు ఉండే చోటులోకి వచ్చి వెళ్తుంది. అందుకే స్వివెల్‌లలో ఒక రకం ఉంది, దాని ఇరుసు సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉంటుంది. తిరుగుతూనే సీటుని తలుపుకి దూరంగా, బండి మధ్యకి జరుపుతుంది. ఇంకా కొనకపోతే ఆ రకమే కొనండి. కొన్నవాళ్లు ఎడమ, కుడి సీట్లవి తారుమారు చేసి బిగించారేమో చూసుకోండి. ఇరుసు పక్కకి ఉన్న ప్లేటుని తిరగేసి బిగిస్తే అది సీటుని సరిగ్గా తలుపు మీదికే తోస్తుంది. కొన్న చోట ఫోన్ చేసి గంటసేపు వాదించాక బయటపడే సంగతి ఇది.

ఇక డ్రైవరు సీటు విషయంలో హ్యాండ్‌బ్రేక్ వేరే కథ. పాత ప్రోమాస్టర్లలో ఆ లివరు సీటుకీ తలుపుకీ మధ్య నేల మీద ఉంటుంది. పైకి లాగి ఉంటే సీటు దాన్ని దాటదు. దించితే సీటు తిరుగుతుంది, కానీ బండికి బ్రేకు ఉండదు. గేరు పార్క్‌లో ఉంది కదా అని వదిలేయకండి, వాలులో బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న ఇనుప పన్ను మీదే పడుతుంది. అప్పటికప్పుడు చేయగలిగింది చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, బ్రేకు దించి, సీటు తిప్పి, మళ్లీ బ్రేకు లాగడం. శాశ్వతంగా కావాలంటే లివరుని కిందికి దించే బ్రాకెట్ అమ్ముతారు, మొత్తం లివరు కొన్ని అంగుళాలు దిగుతుంది. అది బిగించాక కేబుల్ బిగువు సరిచూడకుండా రోడ్డెక్కవద్దు. కొత్త బళ్లలో బటన్ బ్రేకు వచ్చేసింది, ఈ టెన్షన్ లేదు.

సమస్య: ముందుకి తిప్పినా లాచ్ పడటం లేదు

ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. లాచ్ పడని సీటులో బండి నడపకూడదు, ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

మొదట టార్చి వేసి లాచ్ పన్ను దిగే గంత చూడండి. సముద్రపు ఇసుక, కుక్క వెంట్రుకలు, పిల్లలు పారేసిన బిస్కట్ ముక్కలు, అన్నీ అక్కడికే చేరతాయి. వాక్యూమ్‌తో లాగి, పొడి గుడ్డతో తుడిచి చూడండి. జిడ్డుగా ఉండే గ్రీజు లాచ్ మీద రాయకండి, దుమ్ముని పట్టుకునేది అదే.

శుభ్రం చేసినా పడకపోతే ప్లేటు వంకర తిరిగి ఉండొచ్చు. ప్లేటు పుట్టుకతో వంకర కాదు, బిగించడంలో వంకర అవుతుంది. సీటు స్టాండు పై అంచుల్లో ఒకటి రవ్వంత పల్లంగా ఉండి, నాలుగు బోల్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగిస్తే ప్లేటు మెలిపడుతుంది. అన్నీ కొంచెం వదులు చేసి లాచ్ పడుతుందేమో చూడండి. పడితే కారణం దొరికినట్టే. అప్పుడు ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి, పల్లంగా ఉన్న మూల కింద తయారీదారు ఇచ్చిన పలుచని వాషరు పెట్టండి.

ఇంకో కారణం బోల్టు పొడవు. సీటు పట్టాల బోల్టులు పై ప్లేటుని దాటి కిందికి పొడుచుకొస్తే, తిరిగేటప్పుడు కింది ప్లేటుని గీకుతాయి. సీటు తిరిగే దారిలో గుండ్రటి గీత పడి ఉంటే ఇదే అనుకోండి. స్వివెల్‌తో వచ్చిన బోల్టులే వాడాలి. కంపెనీ సీటు నుంచి తీసిన పాత బోల్టులు మిగిలాయి కదా అని వాటిని ఇందులో దూర్చవద్దు.

సమస్య: బ్రేకు వేసినప్పుడు సీటు ఊగుతోంది, టకటకలాడుతోంది

ఊగేది ఏదో ముందు తేల్చుకోవాలి. బండి ఆపి, ఒకరు సీటు వీపు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి, ఇంకొకరు రెండు ప్లేట్ల మధ్య వేలు ఆనించి ఉంచాలి (మధ్యలోకి దూర్చకుండా, పక్క నుంచి). ప్లేట్ల మధ్య కదలిక తెలిస్తే బేరింగో లాచో. ప్లేట్లు కదలకుండా సీటే కదులుతుంటే పట్టాలు, అవి అరిగిన బండిలో స్వివెల్ పెట్టకముందు కూడా ఊగేవే. సీటు ఎత్తు పెరిగాక అదే ఊపు ఎక్కువగా తెలుస్తుంది, అంతే.

స్టాండుతో సహా కదులుతుంటే వెంటనే ఆగండి. అది నేల బోల్టుల సంగతి.

కొత్తగా బిగించిన స్వివెల్ మొదటి వారం తిరిగాక బోల్టులు రవ్వంత వదులవడం మామూలే. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానతో), స్వివెల్‌తో వచ్చిన కాగితంలో రాసిన అంకె చూసి మళ్లీ బిగించాలి. చేతి అంచనా పనికిరాదు. తక్కువైతే వదులు, ఎక్కువైతే బోల్టు సాగుతుంది. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది, అది దాని బలం తెలిపే గ్రేడు. ఒకటి పోతే హార్డ్‌వేర్ షాపులో దొరికిన అదే సైజు బోల్టు సరిపోదు, అదే గ్రేడు కావాలి. అమెరికా సీటు ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 207 ప్రకారం సీటు బిగింపు తన బరువుకి 20 రెట్ల బలాన్ని ముందుకీ వెనక్కీ తట్టుకోవాలి. మీరు బిగించే నాలుగు బోల్టులు ఆ లెక్కలో భాగమే.

బోల్టులు గట్టిగా ఉండి కేవలం టకటక చప్పుడే ఉంటే, కొన్ని స్వివెల్‌లలో లాచ్ బిగువు సరిచేసే స్క్రూ ఉంటుంది, కొన్నిటిలో ప్లేట్ల మధ్య నైలాన్ వాషరు మార్చుకోవచ్చు. రెండూ లేకపోతే ఆ చప్పుడుతో బతకడం నేర్చుకోవాలి. వ్యాన్‌లో గిన్నెల మోత ముందు అదెంత!

సమస్య: స్వివెల్ పెట్టాక ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు

సీటు కింద వైర్లు మీరనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకున్నారో లేదో చెప్పే సెన్సరు, పక్క సీట్లో మనిషి ఉన్నాడో లేదో చూసే సెన్సరు, సీటు వేడి చేసే వైరు, బండిని బట్టి ఇవన్నీ ఉండొచ్చు. పసుపు రంగు తొడుగో కనెక్టరో కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుది.

లైటు వెలగడానికి అన్నిటికన్నా మామూలు కారణం: సీటు తీసి, కనెక్టరు ఊడదీసి ఉన్న సమయంలో ఎవరో తాళం తిప్పారు. పాటలు వినడానికో, కిటికీ దించడానికో. ఆ క్షణంలో బండి కంప్యూటర్ "ఎయిర్‌బ్యాగు లేదు" అని రాసిపెట్టుకుంటుంది. తర్వాత కనెక్టరు పెట్టేసినా చాలా బళ్లలో ఆ రాత తనంతట తాను చెరగదు. ఎయిర్‌బ్యాగు కోడ్‌లు చదివి చెరిపే స్కానర్ కావాలి, ఇంజన్ కోడ్‌లు మాత్రమే చదివే చౌక రకం పనికిరాదు.

చెరిపాక మళ్లీ వస్తే, ముఖ్యంగా సీటు తిప్పినప్పుడల్లా వస్తే, వైరు లాగబడుతోంది. ఇరుసు మధ్య ఉన్న రంధ్రంలోంచి వైర్లు వచ్చేలా చూడండి. పక్క నుంచి తెస్తే తిరిగేటప్పుడు రెండు ప్లేట్ల మధ్య కత్తెరలో పడ్డట్టే. కొంత వదులు పెట్టి, ఆ వదులు నేలకి తగలకుండా కట్టండి. సీటుని ఎప్పుడూ ఒకే వైపు నుంచి వెనక్కి తిప్పి, అదే దారిన ముందుకి తీసుకురండి. గుండ్రంగా ఒకే దిక్కున తిప్పుతూ పోతే వైరు తాడులా పేనుకుపోతుంది. కొన్ని స్వివెల్‌లలో అందుకే అడ్డు పెడతారు, పిల్లలు గుండ్రంగా తిప్పాలని సరదాపడినా దాన్ని తీసేయకండి.

వైరు పొట్టిగా ఉందని పసుపు వైరుని కోసి, ఇంకో ముక్క అతికించే పని ఎవరు చెప్పినా చేయవద్దు. మల్టీమీటర్‌తో ఎయిర్‌బ్యాగు కనెక్టరులో రెసిస్టెన్స్ కొలవవద్దు, ఆ చిన్న కరెంటుకే అది పేలే ప్రమాదం ఉంది. ఇది తెలిసిన మెకానిక్ పని.

ఇంకా మొదలుపెట్టనివాళ్లకి: ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి, కొన్ని నిమిషాలు ఆగండి, అప్పుడే కనెక్టరు ముట్టుకోండి. ప్రోమాస్టర్‌లో బ్యాటరీ డ్రైవరు కాళ్ల కింద నేలలో ఉంటుంది. ట్రాన్సిట్‌లో డ్రైవరు సీటు కిందే ఉంటుంది, అంటే మీరు పాన పట్టుకుని పనిచేసేది సరిగ్గా బ్యాటరీ నెత్తి మీద. టెర్మినళ్ల మీద రబ్బరు మ్యాటో మందపాటి గుడ్డో కప్పకుండా ఇనుము అటు తీసుకెళ్లవద్దు.

సమస్య: కాళ్లు నేలకి అందడం లేదు

స్వివెల్ మందం సీటుకి కలుస్తుంది, మామూలుగా అంగుళం నుంచి రెండంగుళాల వరకు. ఆరడుగుల మనిషికి తెలియకపోవచ్చు. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మో అత్తయ్యో కూర్చుంటే కాళ్లు వేలాడతాయి, అరగంటకి తొడల కింద తిమ్మిరి. పొట్టి సీటు స్టాండు దొరికే బళ్లకి అదే సరైన దారి, కంపెనీ స్టాండు తీసి పొట్టిది పెట్టి దాని మీద స్వివెల్. దొరకకపోతే పక్క సీటు ముందు చిన్న పీట చాలు, ప్రయాణంలో మాత్రం దాన్ని కట్టి ఉంచాలి. డ్రైవరు సీటు ముందు పీట పెట్టకూడదు, అది జారి బ్రేకు పెడల్ కిందికి వెళ్తుంది. నడిపేవాళ్లకి కాళ్లు అందకపోతే ఆ వైపు స్వివెల్ వద్దనుకోవడమే తెలివి. పక్క సీటు ఒక్కటి తిరిగినా గది వస్తుంది.

సమస్య: వెనక్కి తిప్పి కూర్చుంటే ముందుకి జారిపోతున్నాం

చదునైన చోట బండి ఆపినా ఇలా అవుతుందని కొందరు తికమక పడతారు. కొన్ని బళ్లలో సీటు స్టాండు పై భాగమే ముందు కొంచెం ఎత్తుగా, వెనక పల్లంగా ఉంటుంది. నడిపేటప్పుడు మోకాళ్ల వైపు ఎత్తుగా ఉండి హాయిగా ఉంటుంది. స్వివెల్ ఆ వాలు మీదే కూర్చుంటుంది కాబట్టి సీటు తిప్పితే మోకాళ్లు పల్లం వైపుకి వస్తాయి. ఫోన్‌లోని లెవెల్ యాప్‌ని స్వివెల్ ప్లేటు మీద పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

స్టాండు కింద చెక్క ముక్కలు పెట్టి సరిచేయకండి, బోల్టుల బలం పోతుంది. రాత్రి మకాం వేసేటప్పుడు బండి ముక్కు కొంచెం కిందికి ఉండేలా ఆపండి, లేదా వెనక చక్రాల కింద లెవెలింగ్ దిమ్మలు పెట్టండి. సీటుకి ముందు అంచు ఎత్తే వీలుంటే దాన్ని ఎత్తండి. పక్కవాటంగా వాలుగా ఉన్న చోట లాచ్ లేని కోణంలో సీటు తనంతట తానే తిరుగుతుంది, చేతిలో వేడి టీ ఉన్నప్పుడు జాగ్రత్త.

సమస్య: సీటు తిప్పి తెచ్చాక బెల్టు సరిగ్గా రావడం లేదు

బెల్టు కింది కొస కొన్ని బళ్లలో సీటుకి, కొన్నిటిలో సీటు స్టాండుకో బండికో బిగిసి ఉంటుంది. సీటుకి ఉంటే అది సీటుతోపాటు తిరిగి, పట్టీ మెలిపడి వస్తుంది. స్టాండుకి ఉంటే సీటు తిరిగే దారిలో నలుగుతుంది. తిప్పే ముందు పట్టీని పక్కకి తీసి కొక్కేనికి తగిలించండి, ముందుకి తెచ్చాక మెలి విప్పి, ఒకసారి గట్టిగా లాగి చూడండి. అంచు నలిగి పోగులు లేచిన బెల్టుని మార్చాల్సిందే, కుట్టించకూడదు. బిగించే చోటు మార్చాలనిపిస్తే, ఆ పని మీ చేతుల్లో పెట్టుకోవద్దు.

బండి కదులుతున్నప్పుడు వెనక్కి తిరిగిన సీటులో ఎవరూ కూర్చోకూడదు. పిల్లలు అడుగుతారు. ఒప్పుకోకండి.

ఇండియాలో చేయించుకునేవాళ్లకి

ఫోర్స్ ట్రావెలర్‌నో టాటా వింగర్‌నో క్యాంపర్‌గా మార్చే పనులు మన దగ్గరా జరుగుతున్నాయి. సీటు తిరగాలంటే వెల్డింగ్ షాపులో పాత బేరింగ్ పెట్టి ప్లేటు కొట్టించడం సులువుగా, చవగ్గా తోస్తుంది. సీటు తిరుగుతుంది కూడా. గుద్దుకున్నప్పుడు ఆ వెల్డింగ్ నిలుస్తుందని చెప్పే పరీక్ష మాత్రం ఏదీ జరగలేదు. పైగా మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు, ఆర్‌సీలో ఎక్కని మార్పు బీమా క్లెయిము దగ్గర చిక్కు తెస్తుంది. పరీక్ష పాసైన స్వివెల్ మీ బండికి దొరకకపోతే ముందు సీట్లని వదిలేసి, వెనక భాగంలో బండి ఆగినప్పుడు మాత్రమే వాడే బెంచీ కట్టించుకోండి. ఏది చేసినా పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, కొట్టించాక అడిగితే ఊడదీయమంటారు.