చిల్లర్ తిరుగుతోంది, నీళ్లు మాత్రం చల్లబడటం లేదు: పెద్ద ఉప్పునీటి అక్వేరియంలో సమస్యలు - పరిష్కారాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఇళ్లలో ఉప్పునీటి ట్యాంకులు బిగించడం, పాడైతే వెళ్లి చూడడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఎండాకాలం మొదలైతే ట్యాంకు నీళ్లను చల్లబరిచే చిల్లర్ గురించి ఒకే రకం ఫోను వస్తుంది: "చిల్లర్ ఆన్‌లోనే ఉందండి, నీళ్లు 31 దాటాయి, పగడాలు తెల్లబడుతున్నాయి." చిల్లర్ వెనక చెయ్యి పెట్టి చూశారా అని అడిగితే అవతల మౌనం. ఆ పని చేయకుండానే గ్యాస్ మెకానిక్కును పిలుస్తారు.

లెక్కలకు 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకు అనుకుందాం. అందులో సుమారు 850 లీటర్లు పడతాయి. కింద స్టాండులో సంప్ (ఇంటి ముందు తవ్వించే సంపు కాదు, గాజు తొట్టె; ట్యాంకు నీళ్లు ఇందులోకి దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్తాయి). రెండూ కలిపి వెయ్యి లీటర్లు అనుకోండి.

సమస్య: చిల్లర్ డిస్‌ప్లే వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, నీళ్లు చల్లబడటం లేదు

ముందు విడిగా ఒక థర్మామీటర్ నీళ్లలో పెట్టి డిస్‌ప్లే అంకె నిజమో కాదో చూడండి. తర్వాత చిల్లర్ ఫ్యాను గాలి బయటికి వచ్చే వైపు చెయ్యి పెట్టండి.

వేడి గాలి వస్తుంటే కంప్రెసర్ పని చేస్తున్నట్టే. లోపం చుట్టూ ఉంది. చాలామంది చిల్లర్‌ను అందంగా కనపడాలని స్టాండు లోపల పెట్టి తలుపులు మూసేస్తారు. అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బయటికి తీయండి, గోడకు అడుగు దూరంలో పెట్టండి, దుమ్ము పట్టిన జాలీ కడగండి, నీటి పైపు మడత పడిందేమో చూడండి. చాలాసార్లు ఇంతటితో అయిపోతుంది.

గది గాలే వస్తుంటే ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది, కంప్రెసర్ లేవడం లేదు. నా డబ్బులు పోయింది ఇక్కడే.

మా ఇంటి ట్యాంకుకు మొదట అర హెచ్‌పీ చిల్లర్ పెట్టాను. ఏప్రిల్ దాకా బాగానే ఉంది. మేలో పొద్దున్న లేచేసరికి నీళ్లు 30, ఒక్కోరోజు 31. మెకానిక్ పదకొండు గంటలకు వచ్చేవాడు. అతను వచ్చేసరికి చిల్లర్ చక్కగా చల్లబరుస్తూ ఉండేది. "గ్యాస్ కొంచెం తగ్గినట్టుందండి" అని నింపి వెళ్లాడు. వారం తర్వాత మళ్లీ అదే కథ, మళ్లీ గ్యాస్. చివరికి, చిల్లర్ చిన్నదైపోయిందేమో అనుకుని ఒక హెచ్‌పీది కొన్నాను. అప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. పాతది అప్పుడప్పుడైనా లేచేది, కొత్తది రాత్రంతా లేవలేదు.

ఒక రాత్రి నిద్ర పట్టక ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చిల్లర్ లోంచి "గుర్ర్" అని ఐదారు సెకన్లు మూలుగు, ఆ వెంటనే "టిక్". మూడు నాలుగు నిమిషాల తర్వాత మళ్లీ గుర్ర్, మళ్లీ టిక్. మూలిగినప్పుడల్లా హాల్లో లైటు కాస్త మసకబారుతోంది. మల్టీమీటర్ తెచ్చి ప్లగ్గులో పెడితే 182 ఓల్టులు.

మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి చీకటి పడితే ఏరియేటర్లన్నీ ఆన్ అవుతాయి. వాటికి తోడు ఇళ్లలో ఏసీలు. లైను మీద బరువు పడి ఓల్టేజి దిగుతుంది. తెల్లారి ఏరియేటర్లు ఆపాక మళ్లీ 225కి వస్తుంది. పగలు వచ్చే మెకానిక్‌కు లోపం ఎందుకు దొరుకుతుంది?

కంప్రెసర్ మోటారుకు మొదటి తోపే కష్టం. ఆ తోపు బలం ఓల్టేజి తగ్గిన దానికంటే ఎక్కువగా తగ్గుతుంది: 230 ఉండాల్సిన చోట 180 ఉంటే బలం అరవై శాతమే మిగులుతుంది. మోటారు కదలదు, కరెంటు మాత్రం ఐదారు రెట్లు లాగుతుంది. వేడెక్కి ఓవర్‌లోడ్ స్విచ్ కట్టవుతుంది. ఆ "టిక్" దానిదే. చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది. ఫ్యానుకు, డిస్‌ప్లేకు 180 చాలు కాబట్టి బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. పెద్ద కంప్రెసర్ ఇంకా ఎక్కువ లాగుతుంది గనక నా కొత్త చిల్లర్ పాతదానికంటే ముందే చేతులెత్తేసింది. రోజుల తరబడి ఇలా మూలిగితే వైండింగ్ కాలిపోతుంది, అప్పుడు కంప్రెసరే మార్చాలి.

పరీక్ష రాత్రి తొమ్మిది తర్వాతే చేయండి, పగలు వద్దు. చిల్లర్ పెట్టిన ప్లగ్గు దగ్గరే మీటరు పెట్టండి. చిల్లర్ ఆపి ఒకసారి, అది మూలుగుతున్నప్పుడు ఒకసారి అంకె రాసుకోండి.

ఆపి ఉన్నప్పుడే 180, 190 ఉంటే లోపం లైనులో ఉంది. ఆపినప్పుడు 220 ఉండి, మూలిగినప్పుడు 180కి జారితే మీ వైరింగ్‌లోనే ఉంది. సన్న వైరు, కాలిన ప్లగ్గు, లేదా ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పంపు, లైటు, చిల్లర్ అన్నీ గుచ్చడం. ఈ రెండో రకానికి స్టెబిలైజర్ కొనడం దండగ. మెయిన్ బోర్డు నుంచి చిల్లర్‌కు విడిగా 2.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించండి, చాలు.

లైనులోనే తక్కువైతే స్టెబిలైజర్ తప్పదు. ఫ్రిజ్‌కు వాడే చిన్నది తేకండి, మొదటి తోపుకే కూలబడుతుంది. అర హెచ్‌పీకైనా ఏసీకి వాడే 3 లేదా 4 కేవీఏది తీసుకోండి. పెట్టె మీద రెండు చూడండి: ఎంత తక్కువ ఓల్టేజి దగ్గర్నుంచి పని చేస్తుంది, కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చే టైమ్ డిలే ఉందా. కంప్రెసర్ ఆగిన వెంటనే లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకోదు. అప్పుడే కరెంటు ఇస్తే మంచి ఓల్టేజిలో కూడా మూలుగుతుంది. మన దగ్గర కరెంటు పోయి అరనిమిషంలో రావడం మామూలే గనక ఆ డిలే లేని స్టెబిలైజర్ వద్దు.

స్టెబిలైజర్ కూడా అందుకోలేనంత కింద ఓల్టేజి ఉండే ఊళ్లు ఉన్నాయి. అక్కడ ట్యాంకులో అన్ని నీళ్లు ఉండడాన్నే వాడుకోవాలి, అవి నెమ్మదిగా వేడెక్కుతాయి. వెయ్యి లీటర్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 1.15 యూనిట్ల వేడి కావాలి. నీళ్లలో మునిగి ఉన్న పంపులు 150 వాట్లు తింటే, పది గంటల రాత్రిలో అవి కలిపే వేడి ఒకటిన్నర యూనిట్లు. పగలు ఓల్టేజి బాగున్నప్పుడే 25కు దించి పెట్టుకుంటే, హాలు కాస్త చల్లగా ఉన్న ఇంట్లో పంపుల వేడికి తెల్లారేసరికి 26న్నర చుట్టుపక్కల ఉంటుంది. చేపలకు, పగడాలకు అదేం ఇబ్బంది కాదు. లైట్లు కూడా పగలే ముగించండి.

రాత్రి కూడా 220 ఉండి, వైరు బాగుండి, అయినా కంప్రెసర్ లేవకపోతే కెపాసిటర్ (మోటారుకు మొదటి తోపులో సాయం చేసేది) మార్పించి చూడండి. గ్యాస్ లీకు, థర్మోస్టాట్ చెడడం ఆ తర్వాతి మాట. అరుదు.

ఫ్యాను పెట్టి నీటి మీదికి ఊదిస్తే సరిపోతుందా అని అడుగుతారు. పొడి గాలి ఉన్న ఊళ్లో సరిపోవచ్చు. మన ఉక్కపోతలో నీరు తేలిగ్గా ఆవిరి కాదు, పెద్ద ట్యాంకును అది మోయలేదు.

సమస్య: కరెంటు పోయిన ప్రతిసారీ హాల్లో నీళ్లు

సంప్ చిన్నదై ఉంటుంది, లేదా రిటర్న్ పైపు (సంప్ నుంచి ట్యాంకులోకి నీళ్లు ఎక్కించేది) మూతి నీటిలోకి లోతుగా ఉంటుంది. మన ట్యాంకులో అంగుళం నీరంటే 35 లీటర్లు. మూతి 2 అంగుళాలు మునిగి ఉంటే పంపు ఆగగానే 70 లీటర్లు వెనక్కి జారతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న సంప్‌లో అది ఆరున్నర అంగుళాల పెరుగుదల. పైపుల్లో నీళ్లు అదనం. మూతి పైకి జరపండి, నీటి మట్టానికి కాస్త కింద ఆ పైపుకు చిన్న రంధ్రం పెట్టి (గాలి పీల్చుకుని నీళ్లు జారడం ఆగుతుంది) నెలకోసారి పుల్లతో శుభ్రం చేయండి. ఎన్‌ఆర్‌వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు) వేశాం కదా అనకండి, ఒక్క గులకరాయి అడ్డం పడితే అది మూసుకోదు. ట్యాంకు నింపిన రోజే పంపు స్విచ్ ఆపి సంప్ ఎంత దాకా నిండుతుందో చూసుంటే ఈ ఫోను నాకు వచ్చేదే కాదు.

సమస్య: ఇన్వర్టర్ మీదకు రాగానే పంపు మోత, వేడి

కారణం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, దాని కరెంటు ఇంటి కరెంటులా నునుపుగా ఉండదు. ప్యూర్ సైన్ వేవ్‌ది పెట్టండి, లేదా డీసీ పంపు వాడండి. చిల్లర్‌ను ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించకండి. బ్యాకప్‌లో రిటర్న్ పంపు, ఒక వేవ్‌మేకర్ (ట్యాంకులో నీటిని కదిలించే చిన్న పంపు) ఉంటే చాలు.

సమస్య: ఉప్పు రీడింగ్ 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు), చేపలు మాత్రం నీరసం

చెరువు దగ్గరి రిఫ్రాక్టోమీటర్ (నీటిలో ఉప్పు కొలిచే మీటరు) తెచ్చి వాడుతున్నారా? దాన్ని దేనితో సున్నా చేశారు? తీరం దగ్గర మండలాల్లో బోరు నీళ్లే ఉప్పన. మూడు పీపీటీ ఉన్న బోరు నీటితో సున్నా చేస్తే తర్వాత ప్రతి రీడింగూ మూడు తక్కువ చూపిస్తుంది, మీరు అనవసరంగా ఉప్పు కలుపుతారు. డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా చేయండి. 35 దగ్గర సరిచూడాలంటే 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో 36.5 గ్రాముల మామూలు ఉప్పు కరిగించండి. సముద్రపు నీటి స్కేలున్న మీటరు దానికి 35 చూపించాలి.

అంతర్వేది నుంచో ఉప్పాడ నుంచో సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లు గోదారి వరద నెలల్లో ఆ పని మానండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్లు కలిసి తీరం దగ్గర ఉప్పు పలచబడుతుంది.

సమస్య: నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది

మెయిన్ ఆపండి. ఆపాకే చెయ్యి పెట్టండి. ఒక్కో పరికరం తగిలిస్తూ, నీళ్లను చేత్తో ముట్టకుండా టెస్టర్‌తోనో మీటరుతోనో చూస్తూ పోతే పగిలిన పంపు దొరుకుతుంది. దాన్ని అతికించే ప్రయత్నం చేయకండి, పారేయండి. ట్యాంకు లైనుకు ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) లేకపోతే మిగతా సామాను ఏదీ కొనకముందే అవి పెట్టించండి.