బిస్మత్ సెలీనైడ్ స్ఫటికం లోపల కూడా కరెంటు పారుతోందా? కారణం, పరిష్కారం

సమస్య: స్ఫటికం అద్దంలా మెరుస్తోంది. సెల్లో టేప్ అంటించి లాగితే రేకులుగా ఊడివస్తోంది. ఎక్స్‌రే పరీక్షలోనూ పాసయింది. కానీ చల్లబరుస్తూ కొలిస్తే రెసిస్టెన్స్ పెరగాల్సింది పోయి లోహంలో లాగా తగ్గుతోంది. ఇది 2009లో వెలుగులోకి వచ్చిన టోపలాజికల్ ఇన్సులేటర్. కరెంటు ఉపరితలం మీదే పారాలి, లోపల దాదాపు 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి విరామం) ఉంది. అలాంటప్పుడు లోపలికి ఎలక్ట్రాన్లు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

మీటరును అనుమానించే ముందు హాల్ కొలతలో (అయస్కాంత క్షేత్రంలో పెట్టి, కరెంటును మోసేది ఏమిటో తేల్చే కొలత) గుర్తు చూడండి. నెగెటివ్ వస్తే మోసేవి ఎలక్ట్రాన్లే, తప్పు స్ఫటికాన్ని పెంచిన కొలిమిలోనే జరిగింది.

కారణం: సెలీనియం 685 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. బిస్మత్ సెలీనైడ్ కరగాలంటే 700 దాటాలి. అందుకే కరిగిన ముద్దలోంచి కొంత సెలీనియం ఆవిరై క్వార్ట్జ్ గొట్టంలోని ఖాళీలోకి పోతుంది. గొట్టం చల్లారాక కొసన ఎర్రగానో నల్లగానో పొర కనిపిస్తే అది ఆ సెలీనియమే. వెళ్లిపోయిన ఒక్కో పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లను స్ఫటికంలోనే వదిలి వెళ్తుంది.

పరిష్కారం: సెలీనియం కాస్త ఎక్కువ వేయండి, గొట్టంలో ఖాళీ తగ్గించండి. దీంతో మెరుగవుతుంది కానీ పూర్తిగా నయం కాదు. ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ కావా బృందం 2009లో బిస్మత్ స్థానంలో కొద్దిగా కాల్షియం పెట్టింది. బిస్మత్ కంటే కాల్షియం ఒక ఎలక్ట్రాన్ తక్కువ ఇస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. అయితే స్ఫటికంలో సెలీనియం వదిలిన ఖాళీలు అలాగే ఉంటాయి, వాటికి కాల్షియం తోడవుతుంది. నాకు ఇది నచ్చదు.

నేను ఎంచుకునేది రెండు బిస్మత్, రెండు టెల్లూరియం, ఒక సెలీనియం ఉన్న సమ్మేళనం. ఈ స్ఫటికంలో అయిదేసి పొరలు ఒక కట్టగా ఉంటాయి. టెల్లూరియం బయటి పొరల్లో, సెలీనియం నట్టనడుమ కూర్చుంటాయి. రెండు వైపులా బిస్మత్ పట్టుకుని ఉండటంతో సెలీనియం అంత తేలిగ్గా జారుకోలేదు. 2010లో ఒసాకాలో యోయిచి ఆండో బృందం దీన్ని అతి చల్లని ఉష్ణోగ్రతల్లో కొలిస్తే రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) 1 ఓమ్-సెంటీమీటరు దాటింది.

హాల్ గుర్తు పాజిటివ్‌గా వస్తే? టెల్లూరియం ఉన్న స్ఫటికాల్లో ముందు చూడాల్సింది బిస్మత్ టెల్లూరియం చోట్లో చేరిందా అని. ఎలక్ట్రాన్లను లాక్కునే గుణంలో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి (2.02, 2.1), అందుకే చోట్లు తారుమారవుతాయి. టెల్లూరియం పాళ్లు కొంచెం ఎక్కువ చేసి స్ఫటికాన్ని మళ్లీ పెంచండి.

ఉదయం బాగున్న రేకు సాయంత్రానికి మారిపోయిందా? అది గాలి తగలడం వల్ల. రేకు ఊడదీసిన వెంటనే కొలిచేయండి.

ఒక్క జాగ్రత్త: సెలీనియం ఆవిరి విషం. ఆవిరి ఒత్తిడికి గొట్టం పగిలే ప్రమాదమూ ఉంది, కాబట్టి నెమ్మదిగా వేడి చేయండి. పూర్తిగా చల్లారాకే ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువులను బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె) పెట్టి తెరవండి.