ఖాతా 'ఇనాపరేటివ్' అయిందంటే కౌంటరులో ఏం అడగాలి, ఏం తీసుకెళ్లాలి

"మీ ఖాతా ఇనాపరేటివ్ అయింది" అని ఫోనుకు మెసేజి వస్తే మా బ్రాడీపేటలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు "డబ్బు పోయినట్టేనా మేడమ్?" అని టెన్షన్ పడతారు. ఇంకొకరు "ఉన్నదెంతలే, ఎనిమిది వందలు, పోతే పోనీ" అని వదిలేస్తారు. ఇద్దరిదీ తొందరపాటే. డబ్బు ఎక్కడికీ పోదు. కానీ ఎంత కాలం వదిలేస్తే, దాన్ని బయటికి తీయడానికి అన్ని కాగితాలు కావాలి.

నేను గుంటూరులో బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని రిటైరైన మనిషిని. ఇప్పుడు సాయంత్రమైతే మా అపార్ట్‌మెంటు కింద ఎవరో ఒకరు పాత పాస్‌బుక్కు పట్టుకుని నా కోసం చూస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కౌంటరులో క్లర్కు ఏ మాట అన్నాడో సరిగ్గా వినండి. అర్థం కాకపోతే "స్క్రీన్ మీద స్టేటస్ ఏమని ఉంది బాబూ?" అని అడిగి రాసుకోండి. మీరు తీసుకెళ్లాల్సిన కాగితాలు ఆ ఒక్క మాట మీదే ఆధారపడతాయి.

'ఇనాక్టివ్' అంటే ఏడాదిగా మీరు ఆ ఖాతాను కదిలించలేదని. కొన్ని బ్యాంకులు ఈ మాట వాడతాయి, కొన్ని వాడవు. ఒకసారి వెయ్యి రూపాయలు వేసి తీస్తే చాలావరకు సరిపోతుంది. 'ఇనాపరేటివ్' రిజర్వు బ్యాంకు వాడే మాట. రెండేళ్లకు పైగా మీ వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే ఖాతా ఇందులోకి వెళ్తుంది. 'డార్మెంట్' అన్నా అదే. పాత అలవాటు కొద్దీ కొందరు డార్మెంట్ అంటారు, అదేదో ఇంకా పెద్ద జబ్బు అనుకోకండి. 'అన్‌క్లెయిమ్డ్' మాత్రం వేరు. పదేళ్లు దాటిపోయి, డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిందని దాని అర్థం.

'ఫ్రీజ్' (ఖాతాను ఆపేయడం) అన్నా 'లియన్' (కొంత డబ్బు తీయకుండా పట్టి ఉంచడం) అన్నా ఈ కోవలోకి రావు. అవి కోర్టు, పోలీసు, ట్యాక్స్, అప్పు బకాయి లాంటి కారణాలతో వచ్చేవి. ఎవరి ఆర్డరు మీద పెట్టారో అడిగి, ఆ దారిలో వెళ్లాలి. 'కేవైసీ పెండింగ్' అంటే మీ గుర్తింపు, చిరునామా కాగితాలు బ్యాంకుకు ఇవ్వాల్సి ఉందని, అది కూడా వేరే సంగతే. మీరు రోజూ వాడుకునే ఖాతాకు కూడా అది రావచ్చు.

ఎక్కువమంది నాతో వాదించేది వడ్డీ గురించి. "మూడు నెలలకోసారి వడ్డీ పడుతూనే ఉంది కదండీ, మరి లావాదేవీ లేదంటారేంటి?" అంటారు. వడ్డీ బ్యాంకు వేసింది, మీరు వేసింది కాదు. ఎస్ఎంఎస్ చార్జీ, కార్డు చార్జీ కోసుకున్నా అంతే. బ్యాంకు తనకు తాను చేసుకున్నవేవీ లెక్కలోకి రావు. మీరు డబ్బు వేయడం, తీయడం, ఫోన్‌పేలో పంపడం, చెక్కు ఇవ్వడం లెక్కలోకి వస్తాయి. డబ్బు కదలకపోయినా కేవైసీ కాగితాలు కొత్తవి ఇస్తే అదీ లెక్కే. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఆటోమేటిగ్గా రెన్యువల్ చేయమనో, నెలనెలా ఫలానా చోటికి ఇంత పంపమనో మీరు ముందే రాసిచ్చి ఉంటే, దాని ప్రకారం జరిగేవి కూడా మీరు చేసినట్టే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఏడాదికి పైగా ఉండిపోయే పెద్దవాళ్లకు నేను ఇదే చెబుతాను. బయల్దేరే ముందు నెలకు వంద రూపాయలు రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా ఒక స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చి విమానం ఎక్కండి.

ఇనాపరేటివ్ అయిన ఖాతాలో కూడా సేవింగ్స్ వడ్డీ పడుతూనే ఉండాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఇలాంటి ఖాతాలో మినిమం బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదు, తిరిగి తెరవడానికి చార్జీ తీసుకోకూడదు. ప్రభుత్వ పథకాల డబ్బు, స్కాలర్‌షిప్పులు పడే ఖాతాలను బ్యాంకులు విడిగా గుర్తించి ఉంచాలి, ఆ డబ్బు పడటం ఆగకూడదు. ఎవరైనా "యాక్టివేషన్‌కు అయిదు వందలు అవుతుంది" అంటే రసీదు ఇస్తారా అని అడగండి. ఆ ప్రశ్నతోనే చాలావరకు తేలిపోతుంది.

ఇక తీసుకెళ్లాల్సినవి. ఆధార్, పాన్, వాటి జిరాక్సులు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పాస్‌బుక్కు, ఆధార్‌కు లింకైన ఫోను. పాన్ లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం అక్కడే నింపుతారు. ఖాతా తిరిగి యాక్టివేట్ చేయమని నాలుగు ముక్కలు తెల్లకాగితం మీద రాసివ్వండి, లేదా వాళ్ల ఫారం నింపండి. ఏది ఇచ్చినా జిరాక్సు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. కాగితాలన్నీ సరిగ్గా అందాక మూడు పనిదినాల్లో పని పూర్తి చేయాలి. చేతిలో స్టాంపు కాగితం లేకపోతే ఆ మూడు రోజులు ఎప్పుడు మొదలయ్యాయో మీరు చూపించలేరు.

తెనాలిలో తెరిచిన ఖాతా కోసం విజయవాడలో ఉంటున్నవాళ్లు తెనాలి దాకా వెళ్లనక్కర్లేదు. అదే బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా కేవైసీ ఇవ్వొచ్చు. కౌంటరులో "హోమ్ బ్రాంచికి వెళ్లండి" అంటే గొడవ పడకండి, మేనేజరు గదిలోకి వెళ్లి "ఏ బ్రాంచిలోనైనా తీసుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కదండీ" అని మర్యాదగా అనండి. నా అనుభవంలో పదింట తొమ్మిది సార్లు ఆ మాటతో పని జరుగుతుంది. వీడియో కాల్‌లో కేవైసీ చేసే సౌకర్యం ఉన్న బ్యాంకు అయితే అడిగితే అలా కూడా చేస్తారు. ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంట్లు, అంటే బ్యాంకు మిత్రల ద్వారా కాగితాలు ఇవ్వడానికి కూడా 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది.

పని ఆగేది ఎక్కువగా పేరు దగ్గర. పాత పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. పాస్‌బుక్కులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. ఒక దాంట్లో 'రావు' అతికించి, ఇంకో దాంట్లో విడగొట్టి. కంప్యూటరుకు వీళ్లంతా వేరువేరు మనుషులు. పెళ్లి వల్ల పేరు మారినవాళ్లు ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ పట్టుకెళ్లాలి. మిగతా కారణాలతో మార్చుకున్నవాళ్లకు గెజిట్ ప్రకటన ఉండాలి. అక్షరం తేడాలకు మాత్రం ఆ రెండు పేర్లూ ఒక్కరివే అని నోటరీ అఫిడవిట్ రాయించుకు రమ్మంటారు. అది ముందే చేయించుకుని వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది.

సంతకం కూడా అంతే. విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు తెరిచిన ఖాతాలు ఇప్పుడు ఎక్కువగా బయటపడుతున్నాయి. అప్పుడు పిల్లవాడు మైనరు, ఖాతా గార్డియన్ పేరుతో కలిపి ఉంటుంది. పద్దెనిమిది నిండాక కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇచ్చి మేజరుగా మార్పించాలి. ఆ పిల్లవాడే డల్లాస్‌లో ఉంటే ఇంకో మెలిక ఉంది. విదేశంలో స్థిరపడ్డవాళ్లు మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, విదేశాల్లో ఉండే భారతీయుల కోసం ఉన్న ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. "నాన్న వెళ్లి సంతకం పెట్టేస్తాడులే" అని నాతో అంటుంటారు. పెట్టకూడదు నాయనా.

ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదుల గురించి, అదే మనవాళ్లు బాండ్లు అనేవాటి గురించి రెండు మాటలు. బీరువాలో చీర మడతల్లో దాచిన బాండు గడువు తీరినా రెన్యువల్ చేయకపోతే, ఆ తర్వాతి కాలానికి మీ పాత రేటు పడదు. సేవింగ్స్ రేటు, బాండు మీద రాసిన రేటు, రెండింట్లో ఏది తక్కువో అదే పడుతుంది. అసలు నష్టం ఇక్కడ ఉంది. అందుకే నేను సేవింగ్స్ పాస్‌బుక్కుల కన్నా ముందు బాండ్లు వెతకమంటాను.

పదేళ్లు దాటిన డబ్బు సంగతి వేరు. అది రిజర్వు బ్యాంకు 2014లో పెట్టిన డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు వెళ్తుంది. వెళ్లినా అది మీదే. అడగడానికి గడువు లేదు. వడ్డీ వచ్చే డిపాజిట్లయితే ఆ నిధిలో ఉన్న కాలానికి కూడా వడ్డీ ఇస్తారు, 2021 మే 11 నుంచి అది ఏడాదికి 3 శాతం సాధారణ వడ్డీ. మీరు రిజర్వు బ్యాంకుకు వెళ్లక్కర్లేదు. మీ బ్యాంకుకే దరఖాస్తు ఇస్తే వాళ్లు మీకు చెల్లించి, నిధి నుంచి వాళ్లు రాబట్టుకుంటారు.

ఇలా పదేళ్లు దాటిన డబ్బు ఏ బ్యాంకులో ఉందో గుర్తు లేనివాళ్ల కోసం 2023 ఆగస్టులో 'ఉద్గమ్' అనే పోర్టల్ వచ్చింది. రిజర్వు బ్యాంకుదే. ఫోను నంబరుతో రిజిస్టరై, ఓటీపీ కొట్టి, ఖాతాదారు పేరు, బ్యాంకు పేరు ఇచ్చి, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టిన తేదీలలో ఏదో ఒకటి ఇస్తే వెతికి పెడుతుంది. అవేవీ లేకపోతే చిరునామాతో ప్రయత్నించొచ్చు. దొరికితే ఒక నంబరు చూపిస్తుంది, దాన్ని రాసుకుని బ్రాంచికి వెళ్లాలి. డబ్బు అక్కడ ఇవ్వరు, ఆచూకీ మాత్రమే చెబుతారు. పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా కొట్టి చూడండి. ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, 'వెంకట'లో వి పెట్టి, డబ్ల్యూ పెట్టి, 'లక్ష్మి'లో ఎక్స్ పెట్టి, కెఎస్ఎచ్ పెట్టి. మన పేర్లకు ఇది తప్పదు.

ఆ పోర్టల్‌లో ఆంధ్రా బ్యాంకు పేరు కోసం వెతికి "లేదు" అని వెనక్కి వచ్చేస్తున్నారు చాలామంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో స్థాపించిన బ్యాంకు అది, మా జిల్లాలో తాతల నాటి డబ్బంతా అందులోనే. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కాబట్టి యూనియన్ బ్యాంకును ఎంచుకోవాలి. కార్పొరేషన్ బ్యాంకుకూ అదే. సిండికేట్ అయితే కెనరా, విజయా బ్యాంకు అయితే బ్యాంక్ ఆఫ్ బరోడా, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయితే స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, వైశ్యా బ్యాంకు అయితే కోటక్. గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. పాత పాస్‌బుక్కు మాత్రం పారేయకండి, దాని మీది నంబరుతోనే కొత్త బ్యాంకులో వెతుకుతారు.

ఖాతాదారు కాలం చేసి ఉంటే యాక్టివేషన్ అని అడగకండి. అది క్లెయిము. నామినీ ఉంటే డెత్ సర్టిఫికెట్, నామినీ గుర్తింపు కాగితాలు, క్లెయిము ఫారంతో సరిపోతుంది. నామినీ చేతికి వచ్చినంత మాత్రాన డబ్బంతా నామినీది అయిపోదు, వారసుల హక్కు అలాగే ఉంటుంది. అన్నదమ్ముల మధ్య ఈ మాట ముందే అనుకుంటే మంచిది. నామినీ లేకపోతే సచివాలయంలో దరఖాస్తు పెట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, మిగతా వారసుల అంగీకార పత్రాలు కావాలి. ఏటీఎం పిన్ తెలుసు కదా అని పోయినవాళ్ల కార్డుతో డబ్బు తీయడం తప్పు. మా వీధిలో ఇది మామూలు విషయం అనుకుంటారు, తర్వాత చెల్లెలో తమ్ముడో బ్యాంకులో ఫిర్యాదు ఇస్తే అప్పుడు తెలుస్తుంది.

ఇదే రకం మాటలు ఇంకొన్ని చోట్ల కనిపిస్తాయి. పోస్టాఫీసు సేవింగ్స్‌లో వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లావాదేవీ లేకపోతే 'సైలెంట్' అంటారు, దరఖాస్తు, కేవైసీ, పాస్‌బుక్కు ఇస్తే తెరుస్తారు. పాన్ 'ఇనాపరేటివ్' అంటే ఆధార్‌తో లింకు చేయలేదని, దానికి బ్యాంకుతో సంబంధం లేదు. ముందు దాన్ని సరిచేసుకుని బ్యాంకుకు వెళ్లండి. ఎల్‌ఐసీ పాలసీకి వాడే 'ల్యాప్స్' పూర్తిగా వేరే కథ, ఇక్కడ కలపకండి.

ఫోనులో వచ్చే దొంగ కాల్స్ ఎక్కువగా ఈ మాటల్నే వాడుకుంటున్నాయి. "మీ ఖాతా డార్మెంట్ అయింది, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అంటారు. బ్యాంకు ఫోను చేసి ఓటీపీ అడగదు. కాల్ కట్ చేసి బ్రాంచికి నడిచి వెళ్లండి.

తిరిగి తెరిపించాలా, మూసేయాలా అని అడుగుతారు. ఒక మనిషికి రెండు ఖాతాలకు మించి ఎందుకో నాకైతే అర్థం కాదు. అక్కర్లేని ఖాతా అయితే కేవైసీ ఇచ్చిన రోజే మూసివేత దరఖాస్తు కూడా ఇచ్చి, ఉన్న డబ్బును వాడే ఖాతాకు పంపమనండి. మూసే ముందు గ్యాసు సబ్సిడీ, పెన్షన్, ఎల్‌ఐసీ ప్రీమియం ఏదైనా ఆ ఖాతాకు కట్టి ఉందేమో చూసుకోండి.

బ్యాంకుకు రాసిచ్చిన ఫిర్యాదుకు నెల రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు. వివరాలకు 14448 నంబరు. అప్పుడు పనికొచ్చేది ఆ స్టాంపు వేసిన జిరాక్సే.

ఖాతా తెరుచుకున్నాక కనీసం ఆరు నెలలు బ్యాంకు దాని మీద కన్నేసి ఉంచుతుంది, అది వాళ్ల నిబంధన. మిర్చి యార్డు డబ్బో, స్థలం అమ్మిన డబ్బో ఒక్కసారిగా అందులో వేసేట్టయితే ముందు మేనేజరుకు చెప్పి, అమ్మిన కాగితాల జిరాక్సు ఇచ్చి వేయండి.